కందిబేడంత అద్దం

రెండేళ్లు పనిచేసినా ఉస్తాద్ నా చేతికి అద్దం ఇవ్వలేదు. అదీ నా బాధ.

కర్నూలు పాతబస్తీలో దాదాపీర్ ఉస్తాద్ దుకాణం ఉండేది. మైక్రోస్కోపులు, బైనాక్యులర్లు, సర్వేవాళ్ల దుర్భిణీలు, ఇట్లా కన్ను పెట్టి చూసే పరికరం ఏది చెడినా జిల్లాలో అందరూ ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. వరద వచ్చిపోయిన మరుసటేడు మాకు ఊపిరాడనంత పని. కాలేజీల మైక్రోస్కోపులన్నీ తుంగభద్ర బురద మింగి వచ్చాయి. దుకాణం గోడ మీద, నా తల కన్నా రెండు జానల ఎత్తున, నీటి గీత ఇంకా ఉండేది.

మరలు విప్పడం, బురద కడగడం, నూనె వేయడం నా పని. అద్దాల దగ్గరికి వచ్చేసరికి ఉస్తాద్ "అది ఇట్లియ్యి" అని చేయి చాపేవారు. ఇచ్చేవాణ్ని. ఐటీఐ పాసయిన ఇరవై మూడేళ్లవాణ్ని, పక్కన నిలబడి చూస్తూ ఉండేవాణ్ని. నాకెప్పుడిస్తారని ఒకసారి అడిగితే "ఇస్తాలే ఓబులేసూ" అన్నారు. ఇంకోసారి అడిగితే ఆ మాట కూడా లేదు, నవ్వారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడా నవ్వు మళ్లీ చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది గాని, నేను చెబుతున్నది అప్పటి సంగతి.

ఆ రోజుల్లోనే చైనా పచ్చ లేజర్లు మన ఊళ్లలోకి దిగాయి. పెన్నంత ఉంటుంది. మీట నొక్కితే పచ్చటి చుక్క వీధి అవతలి గోడ మీద పడుతుంది. పక్క వీధి హైస్కూలు సైన్సు టీచరు జ్ఞానసుందరి మేడం అలాంటిదొకటి తెచ్చారు. వరద తర్వాత ఎవరో దాతలు ఆ బడికి ప్రొజెక్టర్ ఇచ్చారట. బెంచీలు కొట్టుకుపోయాయి కాబట్టి తొమ్మిదో తరగతి పిల్లలు గోడకు ఆనుకున్నంత దగ్గరగా చాపల మీద కూర్చుని బొమ్మలు చూస్తారు. ఆ బొమ్మల మీద చూపించడానికి ఈ లేజర్.

"పగటి వెలుతురులో చుక్క సరిగ్గా కనపడడం లేదు ఓబులేసూ. కొంచెం పెంచగలవా?" అన్నారు మేడం.

ఉస్తాద్‌ను కాదు, నన్ను అడిగారు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ముందు నా సొంతానికి ఒక లేజర్ కొని దాని మీద చేయి తిప్పుకున్నాను. లోపల చిన్న మర ఉంటుంది, అది తిప్పితే కరెంటు పెరుగుతుందని ఎవరో చెప్పారు. తిప్పాను, చుక్క భగ్గుమంది. ఇంకొంచెం తిప్పాను. చుక్క మసకబారి ఆరిపోయింది, మళ్లీ లేవలేదు. మర జోలికి పోకూడదని ఆ శవాన్ని చూసి నేర్చుకున్నాను.

ఉస్తాద్ మధ్యాహ్నం నమాజుకు వెళ్లినప్పుడు మేడం లేజర్‌ను బల్ల మీద పెట్టి విప్పాను. వెలుగు బయటికొచ్చే మూతి దగ్గర ఒక అద్దం ముక్క కనిపించింది. కందిబేడంత, అదే కందిపప్పు బద్దంత ఉంది, లేత నీలం రంగు. లెన్సు కూడా కాదు, చదునుగా ఉంది. దేన్నీ పెద్దది చేయదు, దగ్గర చేయదు. వెలుగు దారికి అడ్డంగా కూర్చుంది, అంతే. పట్టకారుతో పెరికి కింద పడేశాను. గోడ మీద చుక్క పెద్దదయినట్టే కనిపించింది.

అగ్గిపుల్ల తలకు నల్ల సిరా పూసి మూతి దగ్గర పెట్టి మీట నొక్కాను. పొగ లేచింది. ఆ వెంటనే భుగ్గున అంటుకుంది.

ఆ సాయంత్రం టీ బంకు దగ్గర నేనే రాజుని. ఏడు అగ్గిపుల్లలు వెలిగించాను. నల్ల బెలూన్ ఒకటి పగలగొట్టాను. జనం చుట్టూ మూగి, వంగి వంగి చూశారు. హైదరాబాదులో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టిన మా చిన్నాన్న కొడుకు ఆ వారం ఊళ్లోనే ఉన్నాడు. "ఈ బురద కడిగేది ఎన్నాళ్లురా? రేపు నాతో పాటు బండెక్కు" అన్నాడు. నేను సరే అనలేదు, కాదనలేదు. ఉస్తాద్‌కు ఒక అవకాశం ఇద్దామనుకున్నాను. చూడండి నా పొగరు.

మరునాడు పొద్దున దుకాణం ఊడ్చి, చెత్త డబ్బాలో ఎత్తిపోసి, ఉస్తాద్ వచ్చి కూర్చోగానే లేజర్ తీశాను.

"ఉస్తాద్, ఇది సూడండి."

అగ్గిపుల్ల అంటుకుంది. అది కాలి నల్లబడి వంగేదాకా ఆయన చూస్తూ ఉన్నారు.

"ఎట్ల పెరిగింది?"

"లోపల పనికిరాని అద్దం ఒకటి ఉండె. తీసేస్తిని."

"పనికిరాదని ఎవరు చెప్పినారు?"

"అది ఏ పనీ చేయదు ఉస్తాద్. అడ్డంగా ఉంటాది, అంతే." రాత్రంతా కూడబెట్టుకున్న మాట కూడా ఆ ఊపులోనే అనేశాను. "ఇంగ నాకు అద్దాల పని ఇయ్యండి. ఇయ్యకుంటే ఈ పొద్దే హైదరాబాదుకు పోతా."

ఉస్తాద్ నవ్వలేదు. కోప్పడనూ లేదు.

"పోదువులే. ఆ అద్దం యాడ?"

"పారేస్తిని."

ఆయన లేచి షట్టర్ సగానికి దించారు. పాత దుప్పటి ఒకటి నేల మీద పరిచి, చెత్త డబ్బా తెచ్చి దాని మీద బోర్లించారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్లు పట్టేసిన మనిషి, గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నారు.

"మీరెందుకు ఉస్తాద్, నేను సూస్తా కదా!"

"నువ్వు అటునుంచి రా. నేను ఇటునుంచి వస్తా."

వెతికాం. ఎండిన బురద పెళ్లలు, విరిగిన మరలు, దారం పోగులు, ఎవరో తాగి పడేసిన బీడీ ముక్కలు. వేలి కొన తడిచేసుకుని ఒక్కొక్క రవ్వనూ అద్ది చూడాలి. ఇద్దరు గిరాకీలు వచ్చి షట్టర్ కింద నుంచి తొంగిచూశారు. ఉస్తాద్ తలెత్తకుండానే "సాయంత్రం రాండి" అని పంపేశారు. పావుగంటకు నాకు విసుగొచ్చింది. అరగంటకు సిగ్గేసింది. ఎందుకో అప్పటికి తెలియదు. ఆయన చేతి నరాలు అంతగా ఉబ్బి ఉంటాయని, తడి వేలు అట్లా వణుకుతుందని, రెండేళ్లు పక్కనే నిలబడినా నేను చూడలేదు.

చివరికి ఒక బురద పెళ్లను చిదిమితే అద్దం దానికి అంటుకుని బయటపడింది. నాకే దొరికింది.

ఉస్తాద్ పోయి ఆరేళ్లయింది. ఆ దుకాణంలో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. కింద నున్నటి టైల్స్ వేశారు. అటు పోయినప్పుడల్లా మేమిద్దరం కూర్చున్న చోటు ఎక్కడా అని వెతుక్కుంటాను.

ఆ రోజు ఆయన అద్దం ముక్కను అరచేతిలో వేసుకుని చూసి, "నీ ఫోన్ తియ్యి" అన్నారు.

తెల్ల కాగితానికి చిల్లు పెట్టి, ఆ చిల్లులోంచి లేజర్ వెలుగు ఒక పాత సీడీ మీద పడేట్టు బిగించారు. మీట వదులు కాకుండా రబ్బరు బ్యాండ్ చుట్టారు. సీడీకి తగిలి వెనక్కొచ్చిన వెలుగు కాగితం మీద చుక్కలుగా పడింది.

"ఎన్ని కనపడతాండాయి?"

"మూడు. పచ్చవి."

"ఇంగేమన్నా ఉందా?"

"ల్యాదు."

"ఫోన్లో సూడు."

నాది చైనా ఫోన్. కెమెరా తెరిచి కాగితం వైపు పెట్టాను. పచ్చ చుక్కలు మూడూ ఉన్నాయి. వాటి పక్కన, కంటికి వట్టి కాగితం కనిపించిన చోట, తెల్లగా, ఊదాగా పెద్ద పెద్ద మచ్చలు. ఫోన్ పక్కకు తీశాను. వట్టి కాగితం. మళ్లీ పెట్టాను. మచ్చలు. టీవీ రిమోట్ నొక్కి ఫోన్ కెమెరాలో చూస్తే ఊదా రంగు వెలుగుతుంది చూడండి, ఆ జాతి వెలుగే ఇది. మన కంటికి అందదు.

ఉస్తాద్ అద్దం ముక్కను పట్టకారుతో పట్టుకుని లేజర్ మూతికి అడ్డం పెట్టారు.

ఫోన్‌లో మచ్చలన్నీ ఆరిపోయాయి. పచ్చ చుక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, రవ్వంత కూడా తగ్గలేదు.

అద్దం తీశారు. మచ్చలు వచ్చాయి. పెట్టారు. పోయాయి. పచ్చ మాత్రం అదే పచ్చ.

అంటే నేను పెంచిందేమీ లేదు. నిన్న చుక్క పెద్దదయినట్టు నాకు కనిపించింది నా సంబరం వల్ల.

"అయితే అగ్గిపుల్లను కాల్చింది ఈ కనపడని వెలుగేనా?" అన్నాను.

"పచ్చది కంట్లో పడితే రెప్ప పడతాది" అన్నారు ఉస్తాద్. "ఇది పడితే రెప్పకు తెలీదు."

బంకు దగ్గర ఎవరెవరు వంగి చూశారో ఒక్కొక్కరినే గుర్తు చేసుకున్నాను. ఆ తర్వాత చాపల మీది పిల్లలు గుర్తొచ్చారు. బంకు దగ్గరివాళ్లను వారం రోజుల పాటు కళ్లెట్లున్నాయని అడుగుతూ తిరిగాను, నాకు పిచ్చిపట్టిందనుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. అది నా అదృష్టం, నా పనితనం కాదు.

ఉస్తాద్ పట్టకారు నా వైపు తిప్పి ఇచ్చారు.

"నువ్వే పెట్టు."

ఎట్లా తుడవాలో చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. ఊపిరి ఎంత ఊదాలో, స్పిరిట్‌తో ఎంత తడపాలో, గుడ్డ ఎటువైపు లాగాలో రెండేళ్లుగా చూసినదంతా చేతుల్లోకి వచ్చి ఉంది. అద్దం మూడుసార్లు జారింది. మూడుసార్లూ ఆయన సాయానికి రాలేదు. నాలుగోసారి తన చోట్లో కూర్చుంది. అగ్గిపుల్లకు గురిపెట్టి చూశాను. ఎంతసేపు పెట్టినా చల్లగా ఉంది.

నాలుగింటికి జ్ఞానసుందరి మేడం వచ్చారు. గోడ మీద చుక్క వేసి చూసుకున్నారు.

"పెరిగినట్టు లేదే ఓబులేసూ?"

"పెరగలేదు మేడం."

"నిన్న అగ్గిపుల్లలు వెలిగించినావంట కదా! బడిలో అంతా అదే మాట. ఈ పొద్దు చూపిస్తానని పిల్లలకు చెప్పి వచ్చినాను."

ఉస్తాద్ ఏదైనా అంటారేమోనని చూశాను. ఆయన తల వంచుకుని ఏదో మైక్రోస్కోపు మర తిప్పుతున్నారు. నా తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

"నిన్న చెడగొట్టింటి మేడం. ఈ పొద్దు బాగుచేసినా" అన్నాను. "అగ్గిపుల్ల ఇంగ వెలగదు. కిటికీలకు నల్లగుడ్డ కట్టుకోండి, చుక్క బాగా కనపడతాది. గుడ్డ నేనొచ్చి కడతా."

ఆమె ఒకసారి నన్ను, ఒకసారి ఉస్తాద్‌ను చూసి, లేజర్ సంచిలో వేసుకుని వెళ్లారు. అంతమంది ముందు రాజునయిన మరునాడే ఆ మాట అనవలసి వచ్చింది. అయినా నాకు చిన్నతనం అనిపించలేదు. గుండె మీది బరువేదో దిగినట్టయింది.

ఉస్తాద్ మర తిప్పడం ఆపారు. ఆయన చేతిలో మైక్రోస్కోపు అద్దాల గొట్టం ఉంది. వరదలో మునిగి వచ్చినదే. దాన్ని తెల్లగుడ్డ మీద, నా వైపున పెట్టారు.

"నీ బండి ఎన్నింటికి?"

ఆ గొట్టం వైపే చూస్తూ నిలబడ్డాను.

"సూస్తావేంది?" అన్నారు ఉస్తాద్. "చేతులు కడుక్కోని రా."