తూర్పు గుమ్మం ఇల్లుబండి

పేరంపాలెంలో తెలివితేటలు ఎవరింట్లో ఉన్నాయంటే దంగేటి వారింట్లో అని చెబుతారు. చెప్పేది దంగేటి వారే అనుకోండి, అది వేరే సంగతి. ఆ ఇంటికి పెద్ద బుల్లెబ్బాయి. ఊళ్ళో ఎవరు ఏ పని తలపెట్టినా ముందు అతన్ని సలహా అడుగుతారు. చెప్పింది శ్రద్ధగా విని, సరిగ్గా దానికి వ్యతిరేకంగా చేస్తారు. పని చక్కగా అయిపోతుంది.

"చూశావా తాయారూ, నన్నడక్కుండా ఈ ఊళ్ళో ఆకు కూడా కదలదు" అంటాడు భార్యతో.

మంగతాయారు పెరట్లోకి వెళ్ళి జామచెట్టు వంక కాసేపు చూసి వచ్చి, "నిజమేనండీ, కదల్లేదు" అంటుంది.

తమ్ముడు గంగరాజు ట్రాక్టరు తోలతాడు. అన్న ఎటు తోలమంటే అటు తోలతాడు, అందుకే ఆ ట్రాక్టరు మూడొంతుల రోజులు కాలవలోనే ఉంటుంది.

ఇంత తెలివైన ఇంటికీ ఒక దిగులుంది. తల్లి వీరాయమ్మ దిగులు. ఆవిడ మొగుడు పోతూ పోతూ, "మనింటి కప్పు కింద తప్ప ఇంకెవరి కప్పు కిందా నిద్రపోకే" అన్నాడు. ఏ జ్వరంలో అన్నాడో, ఎందుకన్నాడో ఎవరూ అడగలేదు. అన్నాడు, ఈవిడ సరేనంది. అంతే. అప్పట్నుంచి పక్కూళ్ళో పెళ్ళికి వెళ్ళినా చీకటి పడకుండా వచ్చేస్తుంది. ఉత్తరాన కొండల్లో, గుర్రాలమెట్టలో, ఆవిడ చెల్లెలు సూరాయమ్మ ఉంది. అక్కడికి వెళ్ళడానికే పొద్దంతా పడుతుంది. వెళితే రాత్రి ఉండాలి, ఉండకూడదు కాబట్టి వెళ్ళలేదు. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

ఒకనాడు సూరాయమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, నా కళ్ళు మసకేసిపోతున్నాయే. ఆపరేషన్ చేసినా లాభం లేదంటున్నారు. చూపు పూర్తిగా పోకముందు ఒక్కసారి నీ మొహం చూపించవే."

వీరాయమ్మ ఫోన్ పెట్టేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్నం ముద్ద ముట్టలేదు. తల్లి అలా ఏడవడం బుల్లెబ్బాయి చూడలేకపోయాడు. నిజం చెప్పాలంటే అతనికి తల్లంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే ఆలోచన మొదలుపెట్టాడు, అక్కడే వచ్చింది చిక్కు.

"అమ్మ ఇంకొకరి ఇంట్లో పడుకోకూడదు. అమ్మ ఇల్లు వదిలి వెళ్ళకూడదు. అంతే కదా? అయితే ఇంటినే తీసుకెళదాం" అన్నాడు.

గంగరాజు వెంటనే లేచి ఇంటి స్తంభానికి ట్రాక్టరు గొలుసు కట్టేశాడు. చూరు నుంచి నాలుగు పెంకులు రాలాక బుల్లెబ్బాయి ఆపించాడు. "ఈ ఇల్లు కాదురా. చక్రాలున్న ఇల్లు. మోటార్ హోమ్ అంటారు. అందులోనే మంచం, అందులోనే పొయ్యి. అది కొనేస్తే అదీ మనిల్లే."

ఇంకేముంది, అన్నదమ్ములూ మంగతాయారూ ముగ్గురూ కలిసి షెడ్డు సుభానీ దగ్గరికి వెళ్ళారు. సుభానీ మంచి మెకానిక్. కాకపోతే ఎవరితో మాట్లాడుతున్నాడో ఆలోచించకుండా మాట్లాడతాడు.

"కొత్తది మీ వల్ల కాదు గానీ, వాడిన బండి కొనండి. బాగా మెయింటైన్ చేసింది చూసుకోండి. ముందు ఓనరు ఇల్లు చూడండి. ఇల్లెలా పెట్టుకుంటాడో బండినీ అలాగే పెట్టుకుంటాడు. తర్వాత కప్పు మీద నీళ్ళు పోసి లోపల కూర్చోండి, ఒక్క చుక్క మీద పడకూడదు. ఇక ఇంజనంటారా, నిద్రపోయే పిల్లిలా గురగురలాడాలి."

"ఆయ్" అన్నాడు బుల్లెబ్బాయి. దారిలో తమ్ముడితో, "మన పిల్లిని బుట్టలో పెట్టరా" అన్నాడు.

మొదట సామర్లకోటలో ఒకాయన బండి ఉందన్నాడు. వెళ్ళి చూస్తే ఆయన వంటింటి మూల బూజు పట్టి ఉంది. "బండి బాలేదండి" అని చెప్పి వచ్చేశారు. వాకిట్లో అద్దంలా మెరుస్తున్న బండి వంక ముగ్గురిలో ఒక్కరూ చూడలేదు.

తర్వాత కాకినాడలో జోగారావు గారు. పెద్దాయన, భార్య కామేశ్వరమ్మ గారితో కలిసి ఆ బండిలో ఊళ్ళన్నీ తిరిగాడు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులని అమ్మేస్తున్నాడు. "రండి, బండి చూద్దురు గాని" అన్నాడు.

"ముందు ఇల్లు చూడాలండి" అన్నాడు బుల్లెబ్బాయి.

చూశారు. గంగరాజు మంచాల కిందకి దూరాడు. బుల్లెబ్బాయి బీరువా తెరిచి మడతలు విప్పి చూశాడు. మంగతాయారు జాడీ మూత తీసింది. "ఏవండోయ్, ఆవకాయ మీద నూనె ఎంత తేరుకుందో చూడండి. ఇంజనుకి నూనె బాగానే పోస్తారన్నమాట" అంది. రుచి చూసి, రెండో జాడీలో మాగాయ కూడా చూసింది, టైర్ల సంగతి తెలుస్తుందని.

కామేశ్వరమ్మ గారు భర్తను పక్కకి పిలిచి, "మనింట్లో పెళ్ళీడు పిల్లలెవరూ లేరు కదండీ, వీళ్ళేం చూసుకుంటున్నారు?" అంది.

జోగారావు గారు నిజాయితీపరుడు. బండి దగ్గరికి తీసుకెళ్ళి, "ఒక్క లోపం ముందే చెప్పేస్తాను. సరిగ్గా మంచానికి పైన కప్పుకి చిన్న కన్నం పడింది. పూత వేయించుకోండి" అన్నాడు.

"ఉండండి, పరీక్షించి మేం చెబుతాం" అన్నాడు బుల్లెబ్బాయి.

గంగరాజు కప్పెక్కి బిందెలతో నీళ్ళు కుమ్మరించాడు. మొగుడూ పెళ్ళాం లోపల మంచం మీద కూర్చున్నారు. మంగతాయారు కట్టుకున్నది పట్టుచీర, తడిస్తే పాడైపోతుందని ఇద్దరికీ ఒక గొడుగు వేసింది. కాసేపటికి బయటికి వచ్చారు.

"ఒక్క చుక్క మీద పడలేదండి. పెద్దవారు, మీ బండి మీద మీకే నమ్మకం లేకపోతే ఎలాగండీ?" అన్నాడు బుల్లెబ్బాయి.

జోగారావు గారు బండిలోంచి మెట్ల మీదుగా జారుతున్న నీళ్ళు చూశాడు, కారుతున్న గొడుగు చూశాడు.

ఇక ఇంజను. పిల్లిని నిద్రపుచ్చి బానెట్ మీద పడుకోబెట్టారు. గంగరాజు తాళం తిప్పాడు. ఇంజను కదిలేసరికి పిల్లి లేచి గోడెక్కింది. మళ్ళీ తెచ్చి పడుకోబెట్టారు, మళ్ళీ తాళం తిప్పాడు, మళ్ళీ గోడెక్కింది.

"ఇంజను ఆపరా. పాపం దాని నిద్ర చెడగొడుతున్నావు" అన్నాడు బుల్లెబ్బాయి. ఆపాడు. పిల్లి వెచ్చటి బానెట్ మీద ముడుచుకుని హాయిగా గురక మొదలుపెట్టింది. బుల్లెబ్బాయి బానెట్‌కి చెవి ఆనించి విన్నాడు. మొహం వెలిగిపోయింది. "అచ్చం పిల్లేరా! ఆపేసినా ఆడుతోంది. ఇలాంటి ఇంజను ఇంకెక్కడ దొరుకుతుంది?"

అంతే, కొనేశారు. జోగారావు గారి పుణ్యమా అని ఆ బండి నిజంగానే మంచిది.

బండి పేరంపాలెం చేరింది. ఇల్లన్నాక గృహప్రవేశం చెయ్యాలి కదా. సిద్ధాంతి గారు వచ్చి, పొయ్యి మీద పాలు పొంగించి, వెళ్తూ వెళ్తూ, "గుమ్మం తూర్పుకి పెట్టుకోండి. శుభం" అన్నాడు. ఆయన అందరికీ చెప్పే మాట అదే.

బుల్లెబ్బాయి ఆలోచనలో పడ్డాడు. బండి గుమ్మం ఎడమ పక్క ఉంది. అది తూర్పుకి ఉండాలంటే బండి మొహం దక్షిణానికి ఉండాలి. పిన్ని ఊరు చూస్తే ఉత్తరం.

"ఏముందన్నయ్యా, రివర్సులో వెళ్ళిపోదాం" అన్నాడు గంగరాజు.

బుల్లెబ్బాయి తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు. ఎంతైనా దంగేటి రక్తం.

తెల్లవారగానే బయల్దేరారు. గంగరాజు కిటికీలోంచి తల బయటపెట్టి, మెడ వెనక్కి తిప్పి, రివర్సు గేరులో ఉత్తరానికి తోలాడు. దారిలో లారీల వాళ్ళు ఆపి, "వెనక్కి వెళుతున్నారేంటయ్యా?" అని అరిచారు. "వెనక్కి కాదండి, గుర్రాలమెట్టకి" అని బుల్లెబ్బాయి మర్యాదగా జవాబిచ్చాడు. రోడ్డు వంపు తిరిగినప్పుడల్లా మంగతాయారు గుమ్మానికి దుప్పటి కప్పేది, దిక్కు మారిన సంగతి గుమ్మానికి తెలియకుండా.

"ఏవండీ, దారి పొడుగునా కప్పేసుకుంటే ముందుకే వెళ్ళొచ్చు కదా?" అంది.

"అమ్మకి గాలాడొద్దూ?" అన్నాడు బుల్లెబ్బాయి. మంగతాయారు సిగ్గుపడింది.

వీరాయమ్మ మాత్రం ఇవేవీ పట్టించుకోలేదు. చెల్లెలికిష్టమైన బెల్లం పాకుండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, "ఇంకెంత దూరంరా?" అని అడుగుతూనే ఉంది.

పొద్దువాలే వేళకి గుర్రాలమెట్ట చేరారు. సూరాయమ్మ అరుగు మీద కూర్చుని దారి కాస్తోంది. మసక కళ్ళకి బండి కనిపించింది, దాని మొహం పేరంపాలెం వైపు ఉంది. "అయ్యో, అక్క ఇంతదాకా వచ్చి నన్ను చూడకుండానే తిరిగి వెళ్ళిపోతోంది!" అని కర్ర కూడా మరిచి రోడ్డు మీదకి పరిగెత్తింది. వీరాయమ్మ గబగబా దిగింది. చెల్లెలు అక్క మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూసింది.

"కనబడుతున్నానే?" అంది వీరాయమ్మ.

"కనబడుతున్నావే. ముడతలన్నీ కనబడుతున్నాయి" అంది సూరాయమ్మ. ఇద్దరూ నవ్వారు, తర్వాత ఏడ్చారు. బుల్లెబ్బాయి పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత ఆనందం తన తెలివి వల్లే కదా అనుకున్నాడు, ఈసారికి అది అబద్ధం కూడా కాదు.

ఆ రాత్రి వాన పడింది. బండిలో అక్కా చెల్లెళ్ళు ఒకే గొడుగు కింద, మిగతా వాళ్ళు తలో గొడుగు కింద పడుకున్నారు. వీరాయమ్మ సొంత కప్పు కిందే నిద్రపోయింది. మాట దక్కింది.

తెల్లారింది. అక్కా చెల్లెళ్ళు కాఫీ తాగుతామని ఇంట్లోకి వెళ్ళారు. ఇక్కడ చూస్తే గంగరాజు మెడ వెనక్కి తిరిగింది తిరిగినట్టే బిగుసుకుపోయింది. నూనె రాసినా, కాపడం పెట్టినా ముందుకి రానంటోంది. ఎదర ఏముందో అతనికి కనబడదు. వెనక ఏముందో మాత్రం బ్రహ్మాండంగా కనబడుతుంది.

"అయితే ఇంటికీ రివర్సులోనే తోలాలి. బండిని ఉత్తరానికి తిప్పాలి. అప్పుడు గుమ్మం పడమరకి పోతుంది" అని బుల్లెబ్బాయి తల పట్టుకున్నాడు. అరుగు చుట్టూ తిరిగాడు. ఉన్నట్టుండి చిటిక వేశాడు. "కుడి పక్క ఇంకో గుమ్మం కోసేద్దాం!"

ఇంకేముంది, వడ్రంగిని పిలిచారు. రేకు కోశారు, తలుపు బిగించారు. ఒకింటికి రెండు వీధి గుమ్మాలు ఎందుకని ఎడమ పక్క పాత తలుపుకి మేకులు దిగ్గొట్టేశారు. దుప్పటి కప్పి బండిని తిప్పారు. కొత్త గుమ్మం లక్షణంగా తూర్పుకి వచ్చి నిలబడింది. మూడ్రోజుల పని ఒక్క పూటలో చేశామని పొంగిపోతూ, పిన్ని అరుగుకి దణ్ణం పెట్టి బయల్దేరారు.

బాగా పొద్దుపోయాక పేరంపాలెం చేరారు. బుల్లెబ్బాయి కొత్త తలుపు తెరిచి, "అమ్మా, దిగు. ఇల్లొచ్చింది" అన్నాడు.

ఎవరూ దిగలేదు.

మంచం కింద చూశారు. అలమరాలో చూశారు. మంగతాయారు నీళ్ళ ట్యాంకు మూత తీసి, "అత్తయ్యా" అని పిలిచింది. లేదు. గంగరాజుకి వెనక ఉన్నవన్నీ కనబడుతున్నాయి గాని అమ్మ కనబడటం లేదు. అతను బావురుమన్నాడు.

"ఏడవకురా. ఆలోచించనీ" అన్నాడు బుల్లెబ్బాయి. "పొద్దున కాఫీకి అమ్మ ఏ గుమ్మంలోంచి దిగింది?"

"పాత గుమ్మంలోంచి" అంది మంగతాయారు.

"దాన్నేం చేశాం?"

"మేకులు కొట్టేశాం."

బుల్లెబ్బాయి నెత్తి కొట్టుకున్నాడు. "ఎంత పాపం చేశామే తాయారూ! దిగిన గుమ్మం మూసేస్తే అమ్మ లోపలికి ఎలా వస్తుంది? పొద్దుట్నుంచీ పాపం తలుపు కొడుతూనే ఉండుంటుంది."

గంగరాజు పలుగు తెచ్చి, పెరటి వైపు చూస్తూ, చేత్తో తడుముకుంటూ మేకులన్నీ పీకేశాడు. పాత తలుపు బార్లా తెరిచారు. బయట ఎవరూ లేరు. "దూరం కదా, వస్తుంది" అన్నాడు బుల్లెబ్బాయి. గుమ్మంలో దీపం పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు పెట్టి, ముగ్గురూ వరసగా మంచం మీద కూర్చున్నారు.

ఫోన్ మోగింది. వీరాయమ్మ గొంతు. వెనకాల సూరాయమ్మ పకపకా నవ్వుతోంది.

"ఒరే అబ్బాయ్, నన్నొదిలేసి పోయారేంట్రా?"

"అమ్మా! ఎక్కడున్నావు? రాత్రికి ఎలాగే? నాన్నకిచ్చిన మాట?"

"నిద్రపోతేగా మాట తప్పడానికి! మీ పిన్నీ నేనూ కబుర్లు మొదలెట్టాం. ఇంకా దాని పెళ్ళి దగ్గరే ఉన్నాం. మాకు ఇవాళ నిద్రెక్కడిది? రేపు కూడా ఉండదు. మీరేం కంగారుపడకండి."

బుల్లెబ్బాయి దీపం వత్తి కాస్త ఎగదోశాడు.

"మేమేం కంగారుపడట్లేదమ్మా. పాత తలుపు తీసే పెట్టాం. కబుర్లవగానే లోపలికి వచ్చెయ్" అన్నాడు.