చుట్టూ తిరిగొచ్చిన చుట్టాలు

నీలాద్రి అనే రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని విజయకేతనుడనే రాజు ఏలేవాడు. ఆయనకు సింహాసనం ఊరికే దక్కలేదు. తండ్రి పోయాక పినతండ్రి కొడుకు రణధీరుడు రాజ్యం తనకే కావాలని పట్టుబట్టాడు. ఎక్కువ ఊళ్లు ఎవరి పక్షం వహిస్తే పట్టం వారిదేనని పెద్దలు తీర్పు చెప్పారు. విజయకేతనుడిది నెమలి జెండా, రణధీరుడిది గద్ద జెండా. కొన్నేళ్లపాటు ఏ ఊళ్లో చూసినా ఆ రెండు జెండాల కొట్లాటే.

ముత్యాలదిన్నె పట్టణంలో నెమలి జెండా ఎత్తినవాళ్లు గుప్పెడుమంది. వాళ్లకు ముందు నడిచినవాడు ఓబన్న. వీధుల్లో చాటింపు వేయడం అతని వృత్తి. మాటకు మాట అందించడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. వెంగమ్మ అనే ఆవిడ పూటకూళ్ల ఇల్లు నడుపుతూ, జెండా మోసి అలిసి వచ్చినవాళ్లకు అన్నం పెట్టేది. అక్కడ గద్ద జెండాకు పెద్ద దిక్కు మార్తాండప్ప అనే భూస్వామి. అతని మనుషులు ఓబన్న భుజం విరగ్గొట్టారు. వెంగమ్మ ఇంటిని నేలమట్టం చేశారు. అయినా వీళ్లు జెండా దించలేదు. చివరికి ఊళ్లు ఇటే మొగ్గాయి, విజయకేతనుడు రాజయ్యాడు.

ఆ తరువాత మహామంత్రి గోవర్ధనుడు ముత్యాలదిన్నెకు వచ్చినప్పుడల్లా ఓబన్న వాళ్లకు కబురు వచ్చేది. పందిరి వేయాలి, దారిలో నీళ్లు చల్లాలి, జనాన్ని పోగెయ్యాలి. నెమలి పక్షానికి గుర్తుగా తలకు నీలం తలపాగాలు చుట్టుకుని అన్నీ చేసేవాళ్లు. వెంగమ్మ ఇల్లు మళ్లీ కట్టించమనీ, పట్టణం బాగోగులు చూసే పని తమలో ఒకరికి అప్పగించమనీ అడిగేవాళ్లు. చూద్దాం అనేవాడు మంత్రి. చూసింది లేదు.

ఇంతలో మార్తాండప్ప గాలివాటం కనిపెట్టి పక్షం మార్చాడు. మంత్రి ఎదురెళ్లి అతనికి పట్టుశాలువా కప్పాడు. రాజుగారు స్వయంగా వచ్చి నిండు సభలో అతనికి పట్టణాధికారం ఇస్తారనీ, గద్ద జెండా వదిలి తూర్పు బాటన వచ్చేవాళ్లందరినీ ఆ రోజే దండలు వేసి చేర్చుకుంటారనీ ఆజ్ఞ వచ్చింది. దాన్ని ఊరంతా చాటాల్సింది ఓబన్నే. చాటాడు. ఇంటికొచ్చి డప్పు దించి గోడకు చేరగిలబడ్డాడు.

మర్నాడు నెమలి జెండావాళ్లంతా కలిసి మంత్రి బసకు వెళ్లారు. ఆయన సభలో ఎవరెక్కడ కూర్చోవాలో పటం గీయించుకుంటున్నాడు. వచ్చినవాళ్ల వైపు తలెత్తలేదు. ఎదుట నిలబడ్డ మనిషి ముఖం చూసే అలవాటు ఆయనకు ఏనాడో తప్పిపోయింది.

వెంగమ్మే ముందుకొచ్చి అడిగింది. “అయ్యా, నా ఇల్లు పడగొట్టినవాడి చేతికింద నన్ను బతకమంటారా?”

మంత్రి పటం మీదనుంచి చూపు తిప్పకుండానే నవ్వాడు. “చూడమ్మా, మీరు ఇంటివాళ్లు, వాళ్లు చుట్టాలు. చుట్టాలకు ముందు వడ్డించి ఇంటివాళ్లు ఆఖరున తినడమే కదా మర్యాద.”

పక్కనున్న ఉద్యోగులు ఆహా ఎంత చక్కగా సెలవిచ్చారని తలలూపారు. సభలో ఎవరూ ప్రశ్నలు వేయకూడదనీ, రాజుగారి మనసు నొప్పించకూడదనీ హెచ్చరించి వాళ్లను పంపేశారు.

తిరిగి వస్తూ ఒకడు ఇక జెండాలు ఏట్లో పారేద్దామన్నాడు. ఇంకొకడు మనమూ గద్ద పక్షంలో చేరిపోదామన్నాడు. వెంగమ్మ తనకు ఏడవడానికి కూడా ఓపిక లేదంది. ఓబన్న అంతా విని, “వడ్డన చుట్టాలకేనంటున్నారు కదా. మనమూ చుట్టాలమైపోదాం” అన్నాడు. ఏం చేయాలో నెమ్మదిగా వివరించాడు.

సభనాడు వాళ్లు ఎప్పటిలాగే తెల్లవారకముందే పందిరి పని ముగించారు. ఆపైన నీలం తలపాగాలు విప్పి నడుముల్లో దోపుకున్నారు. స్నానాలు చేసి ఉతికిన బట్టలు కట్టారు. ఊరి వెలుపలగా చుట్టూ తిరిగి తూర్పు బాటన సభకు వచ్చారు.

గుంపుగా వచ్చిన కొత్తవాళ్లను చూసి మంత్రి పొంగిపోయాడు. ఎవరని అడగనైనా లేదు. “ప్రభూ, వీరంతా ధర్మమెరిగి మన నీడకు వచ్చినవారు” అని రాజుకు చూపించి, దండలు వేసి, ముందు వరుసలో పీటలు వేయించాడు. వెంగమ్మకు పట్టుచీర పెట్టించాడు. అక్కడే కూర్చున్న మార్తాండప్ప వాళ్లను గుర్తుపట్టాడు. కానీ వీళ్లు తనకెలా తెలుసో చెప్పాలంటే తాను కొట్టించిన సంగతీ చెప్పాలి. అందుకని నోరు మెదపలేదు.

విజయకేతనుడికి రణధీరుణ్ని ఎవరైనా తిడితే వినడం మహా ఇష్టం. ఆ పక్షంలో పడ్డ కష్టాలు సభకు చెప్పమని ఓబన్నను అడిగాడు.

ఓబన్న లేచి చేతులు కట్టుకున్నాడు. “ఒక ప్రభువు కోసం జెండా మోశాం, మహారాజా. దెబ్బలు తిన్నాం. ఈమె ఇల్లు పోగొట్టుకుంది. అవసరం తీరాక మమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు లేకపోయారు. మమ్మల్ని కొట్టించినవాడు ఆయన సరసన కూర్చున్నాడు. ఇదేమిటని అడిగితే ఓపిక పట్టమన్నారు. పట్టీ పట్టీ అలిసిపోయాం.”

రాజుకు నిజంగానే కోపం వచ్చింది. “తన కోసం నిలబడ్డవాళ్ల ముఖం ఎరగనివాడు ప్రభువెలా అవుతాడు? అలాంటివాణ్ని నమ్ముకున్నందుకు మీ మీద జాలి వేస్తోంది” అన్నాడు.

రణధీరుడి బుద్ధి మొదటినుంచీ అంతేనని మంత్రి వంతపాడాడు.

“నేను రణధీరులవారి పేరు చెప్పలేదయ్యా” అన్నాడు ఓబన్న. నడుములోంచి నీలం తలపాగా తీసి, దులిపి, తలకు చుట్టుకున్నాడు. అతని వెనక ఒక్కొక్కరే తీసి చుట్టుకున్నారు. “మేము ఎక్కడినుంచీ రాలేదు, ప్రభూ. ఈ పందిరి వెనక వీధే మాది. ఇంటివాళ్లకు వడ్డన ఆఖరునేనని మంత్రిగారు సెలవిచ్చారు. ఆ ఆఖరు ఎంతకీ రాకపోయేసరికి, చుట్టూ తిరిగి చుట్టాలమై వచ్చాం.”

 రాజు మంత్రి వైపు తిరిగి, వీళ్లలో ఒక్కరి పేరు చెప్పమన్నాడు. మంత్రి ఆ వరుసంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. పెదవులు కదిలాయి గానీ పేరేదీ రాలేదు. వెంగమ్మ ఇల్లు పడగొట్టిందెవరని రాజు అడిగాడు. ఆమె వేలు చూపలేదు. మార్తాండప్ప వైపు ఊరికే చూసింది, అంతే.

భటులు ఈటెలు సవరించుకున్నారు. రాజు కూడా ఆ ముఖాలను ఒక్కొక్కటే పరికించి చూశాడు. తనకు తెలిసిన ముఖం ఒక్కటీ కనిపించలేదు. కాసేపు తల దించుకుని, తరువాత మెల్లగా నవ్వాడు.

“నన్ను నా నోటితోనే తిట్టించావు” అన్నాడు ఓబన్నతో.

పట్టణాధికారం వెంగమ్మకు ఇచ్చాడు. ఆమె ఇల్లు మార్తాండప్పే కట్టించి ఇవ్వాలన్నాడు. సభలో వేయకూడదన్న ప్రశ్నలన్నీ ఇప్పుడే వేయమని, మంత్రి నిలబడి జవాబు చెప్పాలని ఆజ్ఞాపించాడు.  ఒకరు తమ వీధికి తాగునీళ్లు ఎందుకు రావని అడిగారు. ఇంకొకరు కొట్లాటలో కాలు పోయిన తన తమ్ముణ్ని చూడటానికి ఒక్కరైనా ఎందుకు రాలేదని అడిగారు. మంత్రి పొద్దుగూకేదాకా నిలబడే ఉన్నాడు. అడిగిన ప్రతివాణ్నీ రాజు ముందుగా పేరు అడిగాడు.

వెళ్లబోతూ రాజు ఓబన్నను దగ్గరకు పిలిచాడు. “నిజం చెప్పు. నిజంగానే గద్ద పక్షానికి పోదామని ఎన్నడూ అనుకోలేదా?”

“అనుకున్నాం, ప్రభూ. వెళ్లి కనుక్కున్నాం కూడా. అక్కడ మొదటినుంచీ జెండా మోసినవాళ్లు, ఇటు రావడానికి దారేదని మమ్మల్నే అడిగారు.”

రాజు పగలబడి నవ్వాడు. తన చేతి కంకణం తీసి ఓబన్నకు తొడిగాడు. రాజుతో పాటు సభంతా నవ్వింది. ఓబన్న మాత్రం ఆ నవ్వు ఆగేదాకా నిలబడి, దణ్ణం పెట్టి సెలవు తీసుకుని, తనవాళ్లతో కలిసి ఇంటికి నడిచాడు.