మెట్ల మలుపులో చోటు

అనగనగా ఒక మహానగరం. ఆ నగరంలో చెరువు పూడ్చి ఇళ్లు కట్టిన కాలనీ ఒకటి ఉండేది. అక్కడ ఒక మూడంతస్తుల ఇంటి మెట్ల కింద రాగి అనే కుక్క ఉండేది. దానికి ఇప్పుడిప్పుడే కళ్లు తెరిచిన మూడు పిల్లలు. పైన మెట్ల మలుపులో, ఎవరో పారేసిన పాత పరుపు మీద, చుక్కి అనే పిల్లి తన రెండు కూనలతో ఉండేది.

ఆ ఏడు వాన పట్టుకుంది, వదల్లేదు. ఎగువనున్న ఇంకో చెరువు కట్ట తెగింది. తెల్లవారేసరికి వీధి వాగైపోయింది. మనుషులు మలుపు పైన ఉన్న ఇనుప గేటుకు తాళం వేసి పడవల్లో వెళ్లిపోయారు.

నీళ్లు మెట్ల కిందికి వచ్చేశాయి. మిగతా పిల్లల్ని ఒక చెక్కపెట్టె మీద పెట్టి, రాగి ఒక పిల్లను నోట కరుచుకుని మలుపు దాకా ఎక్కింది.

"చుక్కక్కా, కాస్త జరుగు. నీళ్లు తగ్గేదాకా నా పిల్లల్ని ఇక్కడ ఉంచుకుంటాను" అంది.

చుక్కికి భయం వేసింది. కుక్కలు తన కూనల్ని ఏం చేస్తాయో అనుకుంది. పరుపు తడిసిపోతుందని కూడా అనుకుంది. ఒళ్లంతా వెంట్రుకలు నిక్కబొడుచుకుని పంజా ఎత్తింది.

"ఇక్కడ చోటు లేదు" అంది.

చోటు ఉంది పిల్లలూ. పరుపు సగం ఖాళీగానే ఉంది.

పంజా ఎక్కడ పిల్లకు తగులుతుందోనని రాగి పోట్లాడలేదు. మళ్లీ నీళ్లలోకి దిగింది. వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పేర్చిన ఇటుకల గుట్ట ఉంది. దాని మీద ఒక ముసలి మేక నిలబడి ఉంది. మేక ఏమీ అడగలేదు. తను అంచుకు జరిగి, పిల్లను పొట్ట కిందికి తీసుకుంది. రాగి ఈదుకుంటూ వెళ్లి రెండో పిల్లను కూడా తెచ్చింది. అంతలో నీళ్ల వడి పెరిగింది.

మూడో పిల్ల చెక్కపెట్టె మీద సన్నగా ఏడుస్తోంది. ఆ ఏడుపు చుక్కికి వినిపించింది. కొన్ని మెట్లు దిగితే పిల్ల నోటికి అందుతుంది. ఒక మెట్టు దిగింది. కానీ నీళ్లను చూసి జంకింది. వాళ్లమ్మ వచ్చేస్తుందిలే అనుకుని ఆగిపోయింది. కాసేపటికి ఏడుపు వినబడలేదు.

రాగి వచ్చేసరికి పెట్టె లేదు, పిల్ల లేదు. రాగి నీళ్ల మీద ముక్కు ఆనించి వాసన చూసింది. తర్వాత తలెత్తి, నా చిన్నదాన్ని చూశావా అని చుక్కిని అడిగింది.

చుక్కికి అబద్ధం నోట రాలేదు. "ఏడుస్తుంటే విన్నాను. దిగలేదు" అంది.

రాగి వెనుదిరిగింది. ఒంట్లో సత్తువ అయిపోయేదాకా కాలనీ అంతా ఈది వెతికింది. పిల్ల దొరకలేదు.

మర్నాడు ఇటుకలు జారడం మొదలైంది. ఇంక వేరే ఎత్తు ఎక్కడా లేదు. ఒక పిల్లను మేక వీపు మీద ఎక్కించి, ఇంకో పిల్లను నోట పట్టుకుని, రాగి మేకతో కలిసి ఆ మెట్ల దగ్గరికే వచ్చింది. చుక్కి దాన్ని చూడగానే తన కూనల్ని మూలకు లాక్కుంది.

"రా రాగీ. చోటుంది" అంది.

రాగి రెండు పిల్లల్నీ పరుపు మీద దించింది. "నిన్న కూడా ఉంది కదా అక్కా" అంది.

చుక్కి పక్కకు జరిగింది. తడిసి వణుకుతున్న కుక్కపిల్లల్ని నాకి నాకి ఆరబెట్టింది. అవి కూనల మధ్య దూరి నిద్రపోయాయి. రాగి మాత్రం నీళ్లవైపే చూస్తూ కూర్చుంది.

నీళ్లు తీశాయి. మనుషులు తిరిగొచ్చి బురద ఎత్తిపోసుకున్నారు. మేకను దాని మనిషి వచ్చి తోలుకుపోయాడు. రాగి చాలాకాలం ఆ వీధులన్నీ వాసన చూస్తూ తిరిగింది. చుక్కి కూడా దాని వెనకే తిరిగేది. రెండూ మాట్లాడుకునేవి కావు.

నీతి: ఆపదలో ఉన్నవాళ్లు అడిగినప్పుడే చోటివ్వాలి. ఆ తర్వాత ఎంత చోటిచ్చినా, పోయినవాళ్లు వచ్చి అందులో పడుకోలేరు.