ఓడెక్కిన పందికొక్కు పేరు

అనగనగా సముద్రపొడ్డున ఒక ఊరుండేదర్రా. ఆ ఊళ్ళో ఓడ మీద వచ్చిన తెల్లదొర ఒకడు పెద్ద ధాన్యం కొట్టు కట్టాడు. ఆ ఏడు కరువు. ఊరంతా గంజికి మొహం వాచిపోయి ఉంటే దొర కొట్టులో మాత్రం బస్తాల మీద బస్తాలు. ఊ కొట్టండి మరి.

ఆ కొట్టు కింద పందికొక్కులు చేరాయి. నేల తొలిచాయి, గోడ తొలిచాయి, బస్తాలు తొలిచాయి. కన్నాలు తవ్వి వాటిని పట్టడంలో యానాదోళ్ళది అందె వేసిన చెయ్యి. దొర యానాది పోలినీ, దాని మొగుడు చెంచయ్యనీ పిలిపించాడు. పోలికి ప్రాణం లేచొచ్చింది. కన్నంలో దొరికిన గింజలు తవ్వినవాళ్ళవే, తాతల నాటి నుంచీ అంతే. ఇంట్లో చంటిది ఏడుస్తోంది, తిండి లేక పోలికి పాలు పడట్లేదు.

తవ్వారు, తవ్వారు, పొద్దుగూకేదాకా తవ్వారు. చెంచయ్య చెయ్యి కొరికించుకుని మరీ ఒకదాన్ని బయటికి లాగాడు. పిల్లి అంతుంది. దాని పేరేంటని దొర దుబాసీ రంగప్ప చేత అడిగించాడు. దుబాసీ అంటే దొర మాట మనకీ, మన మాట దొరకీ చెప్పేవాడులే.

"పందికొక్కు సామీ. పందిలా గుర్రుమంటది గదా," అంది పోలి.

దొరకి నోరు తిరగలేదు. బాండికోకు అన్నాడు, బాండికూటు అన్నాడు, నవ్వాడు. పోలీ నవ్వింది.

కన్నం అడుగున తట్టెడు వడ్లు దొరికాయి. పోలి ఒళ్ళో పోసుకోబోతే దొర చెయ్యి అడ్డం పెట్టాడు. తన కొట్టులోవి, తనవేనన్నాట్ట.

"కన్నంలో గింజలు మావి సామీ. ఆ మాట దొరకి చెప్పండి."

రంగప్ప నేలచూపులు చూశాడు. "చెప్తే నా కొలువు పోతుందే," అన్నాడు. చెప్పలేదు.

చచ్చిన పందికొక్కుల్ని పట్టుకుని ఇంటికెళ్ళారు. పెద్దాళ్ళు కాల్చుకు తిన్నారు. చంటిదేం తింటుంది? అమావాస్య వెళ్ళకుండానే పోయింది.

ఊ అనరేంరా?

మరుసటేడు కొట్టు కింద మళ్ళీ పందికొక్కులు. రంగప్ప పోలి గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు. ఈసారి గింజలు తనే ఇప్పిస్తానన్నాడు. పోలి చేటలోంచి తలెత్తలేదు.

"దొరకి వాటి పేరొచ్చుగా. ఆయన్నే పిలుచుకోమనండి."

కొట్టు గుల్లయింది. దొర ఓడెక్కి పోయాడు. పోతూ పోతూ ఆ పేరు నోట్లో పెట్టుకునే పోయాడు. వాళ్ళ దేశంలో అందరికీ అదే అలవాటైంది. ఇంకెక్కడో సముద్రాల అవతల మూతి పొడుగు జంతువొకటి కనపడితే దానికీ అదే తగిలించారు. మీ ఇంగ్లీషు పుస్తకంలో బాండికూట్ అని ఉందే, అది మన పందికొక్కేనర్రా.

పోలి బిడ్డ పేరా? అదెవరూ అడగలేదమ్మా. నాకూ తెలీదు.

ఎవరినైనా ఏదన్నా అడిగితే, వాళ్ళు చెప్పేది చివరిదాకా వినండి. ఇక కథ కంచి దారి పట్టింది. మీరు దుప్పట్లు కప్పుకోండి.