పీత ఊదిన రొయ్యల కుండ

ఒకప్పుడు పీత నోట నురగ ఉండేది కాదు. నీళ్లలోంచి తీసి గట్టున పెడితే కాళ్లు ముడుచుకుని, కళ్లు రెండూ పైకి పెట్టి, చడీచప్పుడూ లేకుండా కూర్చునేది.

ఆ రోజుల్లో ఏరు సముద్రంలో కలిసే చోట, మడచెట్ల పక్కన, కాసులమ్మ అని ఒకామె గాలం వేసుకుని బతికేది. ఆమెకు కావలసింది పండుగప్ప. అది మహా టెక్కు చేప. చచ్చిన రొయ్యను ఎరగా గుచ్చితే వాసన చూసి మొహం తిప్పుకుపోతుంది. గిలగిల్లాడే రొయ్యయితేనే నోరు తెరుస్తుంది.

రొయ్యలు దొరికేది పొద్దున్నే. పండుగప్ప వచ్చేది మధ్యాహ్నం, పోటు నీటితో. ఈలోగా రొయ్యల్ని బతికించుకోవడమే కాసులమ్మకు పెద్ద తంటా.

మొదట ఇత్తడి బిందెలో వేసింది. ఎండకు బిందె కాలి రొయ్యలు సగం ఉడికిపోయాయి. మర్నాడు ఎండిన సొరబుర్రకు కాల్చిన ఊచతో చిల్లులు పొడిచి, రొయ్యల్ని అందులో పెట్టి, తాడు కట్టి ఏట్లో వదిలింది. నా అంత తెలివైనది లేదనుకుని ఓ కునుకు తీసింది. లేచేసరికి నీళ్లు వెనక్కి పోయి, బుర్ర బురదలో కూర్చుని ఉంది. లోపల రొయ్యలు వరుగులయ్యాయి.

రెండు రోజులుగా పొయ్యి మీద కూరన్నది లేదు. మూడోనాడు రొయ్యలు పడుతుంటే వలలోకి ఒక మండపీత వచ్చింది. చేప పడకపోయినా ఇవాళ్టికి పీత పులుసు ఖాయమనుకుని, దాని కరిచే కాళ్లు రెండూ కొబ్బరి పీచుతో కట్టి చెట్టు కింద పడేసింది.

ఈసారి రొయ్యల్ని మట్టికుండలో వేసి, కుండను మెడదాకా తడి ఇసుకలో పాతి, పైన తడిగోనె కప్పింది. నీళ్లు చల్లగానే ఉన్నాయి. అయినా కాసేపటికి రొయ్యలన్నీ పైకి తేలి ఎగపోస్తున్నాయి. కాసులమ్మ తల పట్టుకుని కూర్చుంది.

పక్కనే పడున్న పీత చూస్తూ ఊరుకోలేకపోయింది. "నీళ్లున్నాయమ్మా, నీళ్లలో గాలే అయిపోయింది. ఏట్లో అయితే అల కొట్టి గాలి కలుపుతుంది. కుండలో అలెక్కడిది?" అంది.

మరేం చెయ్యమంటావని అడిగితే, గొట్టం పెట్టి ఊదమంది. కాసులమ్మ పెరట్లోకి పోయి బొప్పాయి ఆకు కాడ కోసుకొచ్చి, ఒక కొస నీళ్లలో ముంచి ఊదింది. బుడబుడమని బుడగలు లేచాయి. రొయ్యలు మెల్లగా అడుక్కి దిగాయి. ఆమెకు ఎంత సంతోషమో. కానీ కాసేపు ఊదేసరికి కళ్లు తిరిగాయి. పైగా గాలాలు సర్దుకోవాలి, తాళ్లు ముడివేసుకోవాలి. ఊదుతూ కూర్చుంటే ఆ పనులెవరు చేస్తారు?

తన ప్రాణం దక్కే దారి పీతకు అప్పుడు కనిపించింది.

"ఊదే పని నాకియ్యమ్మా. పోటొచ్చేదాకా ఊదుతా. ఒక్క రొయ్య సచ్చినా నన్ను పులుసు పెట్టుకో. అన్నీ బతికుంటే వదిలెయ్యి."

కాసులమ్మ ఆలోచించింది. ఎటు చూసినా తనకు పోయేదేమీ లేదు. సరేనని పీతను తెచ్చి కుండ అంచున కూర్చోబెట్టింది.

పీత కాడ నోట కరుచుకుని ఊదడం మొదలెట్టింది. పీత నోరు చిన్నది, కాడేమో పొడుగు. దవడలు లాగేశాయి. మూతి చుట్టూ తెల్లగా నురగ పేరుకుంది. బతికుంటే బలుసాకు తినొచ్చు అనుకుంటూ ఊదింది.

కుండలోంచి ఒక ముసలి రొయ్య పైకి చూసింది. "ఇంత కష్టపడి మమ్మల్ని బతికిస్తున్నావు. ఎందుకో తెలుసా? గాలానికి గుచ్చడానికి," అంది.

పీతకు మనసు చివుక్కుమంది. ఆ సంగతి దానికి తెలుసు. కళ్లు పక్కకు తిప్పుకుని ఊదుతూనే ఉంది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పిల్లరొయ్య ఒకటి పక్కకు ఒరిగిపోయింది. పీతకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఒంట్లో ఉన్న గాలంతా కూడగట్టి ఊదింది. రొయ్య కదల్లేదు. మళ్లీ ఊదింది. మీసం ఒకటి సన్నగా ఆడింది. ఇంకోసారి ఊదితే కాళ్లు కూడదీసుకుని ఈదింది.

పోటు వచ్చింది. కాసులమ్మ కుండలో చెయ్యి పెట్టి ఒక్కొక్కదాన్నే తాకి చూసింది. అన్నీ గెంతాయి. ముసలి రొయ్యనే మొదట గాలానికి గుచ్చింది. పీత అటు చూడలేదు. కాసేపటికి మోచేతి పొడుగు పండుగప్ప గట్టున పడింది.

కాసులమ్మ పీత పక్కన కూర్చుని పీచు విప్పింది. "పులుసులో పడాల్సినదానివి, పని తెలుసు కాబట్టి బతికావు. పో," అంది.

పీత పరుగున పోయి పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుంది. మనిషి చెయ్యి మిమ్మల్ని నీళ్లలోంచి ఎత్తితే ముందు ఊదండి, మీకూ పని వచ్చని వాళ్లకు తెలియాలి అని చెప్పింది. ఆ పిల్లలు తమ పిల్లలకు చెప్పాయి. ఈలోగా కాసులమ్మ ముసలిదై కాలం చేసింది. గట్టు మీద పీత ఊదిన మాట గుర్తున్నవాళ్లెవరూ మిగల్లేదు. ఆ సంగతి పీతలకు ఎవరూ చెప్పలేదు.

అప్పటినుంచే పీతను నీళ్లలోంచి తీయగానే నోటినిండా నురగ పెడుతుంది. కోపంతో కక్కుతోందనుకుని మనవాళ్లు పొయ్యి మీదికి ఎక్కించేస్తారు. కోపం కాదు పాపం. రొయ్యల కుండ ఎక్కడ, ఊదిపెడతాను అంటోంది.