భద్ర అతికిన రెండు వేల పోగులు

ఊఁ కొడుతూ వినాలి మరి. నువ్వు ఊఁ ఆపితే నా కథా ఆగుతుంది.

అనగనగా ఒక మగ్గాల ఊళ్ళో భద్ర అనే పిల్ల ఉండేది. వాళ్ళమ్మ చీరలు నేసేది. అమ్మ మగ్గం పక్కనే భద్రకి ఒక చిన్న మగ్గం.

ఒకరోజు ఎండా వానా కలిసి వచ్చాయి. ఇంద్రధనుస్సు కొస పట్టుకుందామని భద్ర పరిగెత్తింది. అప్పుడు ఒక నీలిపిట్ట ఎదురొచ్చి, "మూడు చప్పట్లు కొట్టు, మబ్బుల ఊరు చూపిస్తా" అంది. భద్ర కొట్టింది. అంతే, వెళ్ళిపోయింది!

అక్కడ అందరూ దూదిలా తేలుతారు. చప్పట్లు కొడితే కొత్త చీర. చప్పట్లు కొడితే కొత్త ఆట. ఆకలే వెయ్యదు. అలా మూడేళ్ళు గడిచాయి. అప్పుడు భద్రకి ఒక సంగతి తట్టింది. ఆకలి లేని ఊళ్ళో ఎవరూ ఎవర్నీ అన్నానికి పిలవరు. మూడేళ్ళుగా తననీ ఎవరూ పిలవలేదు. ఒక్కసారిగా దిగులేసింది. చప్పట్లు కొట్టి ఇంటికొచ్చేసింది. అమ్మ పట్టుకుని ఏడ్చింది, నవ్వింది.

రావడమైతే వచ్చింది. ఉండడం రావద్దూ?

మొదట పీట మీద కూర్చుని చప్పట్లు కొట్టింది. "కంచం నువ్వే తెచ్చుకోవాలే తల్లీ" అంది అమ్మ. ఆ తర్వాత అటక మీంచి తేలుతూ దిగబోయింది. దబ్బున పడి మోకాళ్ళు చీరుకుపోయాయి. "మబ్బుల దొరసాని దిగిందర్రోయ్!" అని వీధి పిల్లలు నవ్వారు. ఆ తర్వాత తన మగ్గం దగ్గరికెళ్ళి కత్తెర తీసింది.

ఎందుకంటావా? చీర కోశాక మగ్గంలో పాత పోగుల కొసలు మిగులుతాయి. ఆ మగ్గం తీసెయ్యమని ఊరంతా చెప్పినా, అమ్మ మూడేళ్ళూ వాటిని కదపలేదు.

"దుమ్ము పట్టాయి, కోసేస్తా" అంది భద్ర.

"ఆగవే! కోస్తే అంతా మొదటికొస్తుంది. ఒక్కో పాత కొసకీ ఒక్కో కొత్త పోగు మెలిపెట్టి అతకాలి."

"ఎన్ని?"

"రెండు వేలు."

"చప్పట్లు కొడితే?"

"చేతులు నొప్పెడతాయి" అంది అమ్మ.

అప్పుడే కిటికీలో నీలిపిట్ట వాలింది. "మూడు రోజులు వస్తా. మూడు చప్పట్లు చాలు, తీసుకుపోతా. ఆ తర్వాత దారి మూసుకుపోతుంది" అంది.

మొదటి రోజు భద్ర పోగు జారకుండా వేళ్ళకి బూడిద రాసుకుని నూరు పోగులు అతికింది. సగం ఊడిపోయాయి. ఏడుపొచ్చింది. "వస్తావా?" అంది పిట్ట. భద్ర చేతులు లేచాయి. మళ్ళీ దింపుకుంది. "ఇవాళ కాదు. ఊడినవి అతకాలి."

రెండో రోజు నడుం పట్టేసింది. "అక్కడ నొప్పులే ఉండవుగా" అంది పిట్ట. భద్ర చాలాసేపు కిటికీ వైపే చూసింది. అమ్మ అది గమనించింది. ఇంకాస్త బూడిద తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది. భద్ర మళ్ళీ వేళ్ళకి రాసుకుంది.

మూడో రోజు పొద్దు వాలుతోంది. ఇంకా సగం పైనే మిగిలాయి. "ఇదే ఆఖరు! కొట్టు చప్పట్లు!" అంది పిట్ట.

భద్ర ఎడమ చేతిలో పాత కొస ఉంది. కుడి చేతిలో కొత్త పోగు ఉంది. చప్పట్లు కొట్టాలంటే రెండూ వదలాలి.

అప్పుడు వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "భద్రా! అన్నానికి రావే, చారు చల్లారిపోతోంది!"

"ఈ ఒక్కటీ అతికి వస్తానమ్మా!" అని భద్ర పోగు మెలిపెట్టింది. గట్టిగా లాగి చూసింది. ఊడలేదు. తలెత్తేసరికి కిటికీ ఖాళీ.

ఏంటీ, మబ్బుల ఊరు మర్చిపోయిందా అంటావా? ఎందుకు మర్చిపోతుందే! ఎండా వానా కలిసొస్తే ఇప్పటికీ వాకిట్లోకొచ్చి చూస్తుంది. మరో నాలుగు రోజులకి రెండు వేలూ అతికింది. ఆ చీర అంచున నీలిపిట్టని నేసింది.

"ఇదేం పిట్టే, కాకిలా ఉంది!" అంది అమ్మ.

"రెండో చీరకి పిట్టవుతుందిలే" అని భద్ర మళ్ళీ మగ్గమెక్కింది.

పోగు చేరె పోగుని,
పిట్ట చేరె మబ్బుని,
కథ చేరె కంచిని,
మనం చేరాం ఇంటిని.