విత్తనాల పాతర, రాతినూనె బండి

అనగనగా ఒక కొండ. కొండ మీద కోట, కోట కింద ఊరు, ఊరికి ఏడు బావులు. ఆ ఊరి పేరు రాగులకొండ.

ఊరి నడుమ ఒక విత్తనాల పాతర ఉండేది. నేలను నిలువులోతు తవ్వి, గోడలకు బంకమన్ను మెత్తి, అందులో జొన్నలూ సజ్జలూ కొర్రలూ పోసి, పైన బండ మూసేవారు. కరువొచ్చినా సరే, ఆ గింజలు ఎవరూ తినకూడదు. అవి వచ్చే ఏటి పంట.

ఆ పాతరకు కాపలా ఓబుళమ్మ అనే అవ్వ. ఏటా ఏరువాక నాడు రైతులు వచ్చి బండ ముందు నిలబడితే, ఆమె ఆనవాయితీగా మూడు మాటలు అడిగేది.

"బండ ఎందుకు తీయాలి?"

"విత్తడానికి."

"ఎందుకు విత్తాలి?"

"పండించడానికి."

"ఎందుకు పండించాలి?"

"మళ్ళీ ఈ పాతర నింపడానికి."

మూడో జవాబు వినబడ్డాకే బండ లేచేది. రాజు వచ్చినా అంతే, రైతు వచ్చినా అంతే. తాతల నాటి కట్టుబాటు.

అడిగి అడిగి అవ్వకు అది అలవాటైపోయింది. ఉల్లిపాయ ఎందుకు ఏడిపిస్తుంది? కాకి ఎందుకు మెడ వంచి చూస్తుంది? పక్కింటి అల్లుడు పండగ పూట ఎందుకు అలిగాడు? అల్లుడి సంగతి మాత్రం అడక్కుండా ఉండాల్సిందని తరవాత ఆమే అనుకుంది. ఊళ్ళోవాళ్ళు ఆమెను ఎందుకవ్వ అని పిలిచేవారు. పిలిస్తే పలికేది కూడా.

ఇలా ఉండగా ఒకనాడు సాగరగుప్తుడనే వర్తకుడు రాగులకొండకు వచ్చాడు. దూరదేశంలో భూమి కడుపులోంచి తోడిన నల్లటి నూనెను తోలుసిద్దెల్లో నింపి తెచ్చాడు. దాని పేరు రాతినూనె. దానితో పాటు ఎద్దులు లేకుండా నడిచే బండ్లు తెచ్చాడు. ఎలా నడిచేవని అడగకండి. నూనె తాగేవి, పొగ వదిలేవి, పరిగెత్తేవి.

"మహారాజా, మొదటి సిద్దె ఊరికే ఇస్తున్నాను. నచ్చితే ఆ పైన సిద్దెకొక గంప జొన్నలు ఇప్పించండి, చాలు" అన్నాడు వర్తకుడు.

రాజు చంద్రధరుడు మంచివాడే, కాకపోతే కాస్త సరదా మనిషి. బండెక్కి కోట చుట్టూ మూడుసార్లు తిరిగాడు. దిగబుద్ధి కాలేదు.

ఇంకేముంది? ఊరంతా బండ్లే. ఊరి బావుల నీళ్ళు కొంచెం ఉప్పన. మూడామడల అవతల తేనెచెలమ ఉంది, అక్కడి నీళ్ళు తియ్యన. బండి ఉంటే మూడామడలు ఒక లెక్కా? నీళ్ళు అక్కణ్ణుంచి తేవడం మొదలుపెట్టారు. ఊరి సంత ఎత్తేసి సముద్రపు రేవు దగ్గర పెట్టారు, అక్కడైతే పట్టుకండువాలు దొరుకుతాయని. ఎద్దుల్ని కొండ మీదికి తోలేశారు. పనిలేక అవి కొవ్వెక్కి, మనిషి కనబడితే మొహం తిప్పుకునేవి.

వాడని బావుల్లో మొదట ఆకులు పడ్డాయి. తరవాత కుండపెంకులు పడ్డాయి, బూడిద పడింది. చివరికి ఏడు బావులూ పూడిపోయాయి.

మూడేళ్ళు గడిచాయి. అప్పుడు ధర పెరిగింది.

"ఈ ఏడు సముద్రం కోపంగా ఉంది మహారాజా. సిద్దెకు రెండు గంపలు" అన్నాడు వర్తకుడు. ఇచ్చారు.

మరుసటి ఏడు, "దారిలో ఓడదొంగలు మహారాజా. సిద్దెకు నాలుగు గంపలు" అన్నాడు. సణుక్కుంటూ ఇచ్చారు.

ఆ పై ఏడు సముద్రం పేరూ ఎత్తలేదు, దొంగల పేరూ ఎత్తలేదు. "ధర పెరిగింది" అన్నాడు, అంతే. "మీ గాదెలు ఖాళీ అని నాకు తెలుసు. విత్తనాల పాతర ఉందిగా, అది ఇప్పించండి. ఏడాదికి సరిపడా నూనె పోస్తాను. పదిరోజుల్లో నా ఓడ తెరచాప ఎత్తుతుంది. ఆలోచించుకోండి."

ఊళ్ళో ఉన్న నూనె కూడా సరిగ్గా పదిరోజులకే వస్తుంది. నూనె లేకపోతే బండి లేదు. బండి లేకపోతే గుక్కెడు నీళ్ళు లేవు. విత్తనాలు ఇస్తే వచ్చే ఏడు తిండి లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ నుయ్యిలో నీళ్ళయినా లేవు.

రాజు తలవంచుకుని పాతర దగ్గరికి వచ్చాడు. "అవ్వా, బండ తీయాలి" అన్నాడు.

ఓబుళమ్మ బండ మీద చెయ్యి వేసింది. ఆమె అత్త, ఆ అత్తకు అత్త కాపలా కాసిన గింజలవి. ఎప్పటిలాగే అడిగింది. "ఎందుకు తీయాలి మారాజా?"

"నూనె కోసం."

"నూనె ఎందుకు?"

"బండ్ల కోసం."

"బండ్లు ఎందుకు?"

రాజు కోట వైపు, వీధుల వైపు చెయ్యి ఊపాడు. "అన్నిటికీ అవే కదా అవ్వా" అన్నాడు.

"అన్నిటికీ అంటే జవాబు కాదు మారాజా. మూడో జవాబు సరిగా రానిదే బండ లేవదు. మీ తాతగారు పెట్టిన కట్టుబాటే ఇది. మూడు దినాలు గడువియ్యండి. ఆ జవాబేందో నేనే చూసుకొని వస్తాను."

రాజు సరేనన్నాడు. నిజం చెప్పాలంటే అతనికీ తెలుసుకోవాలనిపించింది.

మొదటిరోజు అవ్వ నీళ్ళబండి ఎక్కింది. బండి తోలేవాడు సుంకన్న. గాలి మొహానికి కొడుతుంటే ఆమెకు ఎంత హాయిగా ఉందంటే, మోకాళ్ళ నొప్పి మరిచిపోయింది. "సుంకన్నా, ఇంత బాగుంటుందని నాకు ఎవరూ చెప్పలేదేందిరా" అంది. తేనెచెలమ నీళ్ళు తాగి చూసింది. నిజంగానే తియ్యన. కానీ ఊరు చేరేసరికి ఎండకు కాగి, కుదుపులకు ఒలికి, కాగుల్లో సగమే మిగిలాయి.

రెండోరోజు సంతబండి ఎక్కింది. పక్కన కూర్చున్న కూరగాయలామె వంకాయలు అమ్మడానికి పోతోంది. ఎదురుగా కూర్చున్నామె కొనడానికి పోతోంది. ఇద్దరూ ఒకే వీధివాళ్ళు.

"మీరిద్దరూ గుమ్మం ముందే ఇచ్చిపుచ్చుకోవచ్చు కదమ్మా. ఇంతదూరం ఎందుకు?" అంది అవ్వ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సంత అక్కడ కదా అవ్వా" అన్నారు.

మూడోరోజు రేవుకు పోయే పెద్దబండి ఎక్కింది. దానికి ముందువేపు మూడు సిద్దెలు, వెనకవేపు మూడు సిద్దెలు కట్టి ఉన్నాయి. ముందువి నిండుగా ఉన్నాయి, వెనకవి ఖాళీ.

"ఇదెక్కడికిరా సుంకన్నా?"

"రేవుకవ్వా. గాదెల అడుగున మిగిలిన గింజలు ఊడ్చి ఇచ్చి, ఆఖరి మూడు సిద్దెలూ తెస్తున్నాం."

"మరి ఈ నిండు సిద్దెలు ఎందుకు?"

"పోవడానికీ రావడానికీ బండి తాగుతుంది కదా."

 దారి పొడుగునా అవ్వ, బండి తాగుతున్నకొద్దీ ముందువేపు సిద్దెలు చప్పబడటం చూస్తూ కూర్చుంది. రాత్రి ఊరు చేరేసరికి అవి మూడూ అట్టల్లా అయ్యాయి. వెనకవేపు మూడు సిద్దెలు నిండుగా దిగాయి.

నాలుగోరోజు పొద్దున్నే ఊరంతా పాతర చుట్టూ చేరింది. రాజు వచ్చాడు. వర్తకుడు గోనెసంచులు తీసుకుని మరీ వచ్చాడు.

"బండ ఎందుకు తీయాలి?" అంది అవ్వ.

"నూనె కోసం" అన్నాడు రాజు.

"నూనె ఎందుకు?"

"బండ్ల కోసం."

"బండ్లు ఎందుకు?"

రాజు ఇటూ అటూ చూశాడు. గుంపులోంచి సుంకన్న మెల్లిగా అన్నాడు. "నూనె తేవడానికి అవ్వా."

జనం గొల్లున నవ్వారు. నవ్వి, నవ్వి, ఒక్కొక్కరే ఆగిపోయారు.

"మూడు సిద్దెలు తాగి మూడు సిద్దెలు తెస్తోంది పెద్దబండి" అంది అవ్వ. "తక్కినవి వంకాయని రేవుకు తిప్పి మన వీధికే తెస్తున్నాయి. ఒకటి సాయంత్రం పూట మారాజును చల్లగాలికి తిప్పుతోంది." రాజు చెవులు ఎర్రబడ్డాయి. "మనకు తప్పనిసరి నీళ్ళొక్కటే. ఆ నీళ్ళు దూరమయింది ఎందుకు? బావులు మనమే పూడ్చుకున్నాం కాబట్టి."

అప్పుడు ఆమె తన రెండు చేతులూ చూపించింది. "ఒకర్ని అనడమెందుకు? మా వీధి బావిలో మొదటి తట్టెడు బూడిద పోసింది నేనే. అందర్నీ అన్నీ అడిగేదాన్ని, ఆ పొద్దు ఎందుకు పోస్తున్నావే అని నన్ను నేను అడగలేదు. సిగ్గుగా ఉంది మారాజా."

 వర్తకుడు దగ్గాడు. "ఏడు రోజుల నూనె ఉంది మీకు. ఇల్లంటుకున్నాక బావి తవ్వుతారా?" అన్నాడు నవ్వుతూ.

"తవ్వుతాం" అంది అవ్వ. "ఆ ఏడు రోజుల నూనెతో నీళ్ళబండి ఒక్కటే తిరగనీండి మారాజా. తక్కినవన్నీ ఆపండి. మనకున్నవి చేతులే కదా."

రాజు తలపాగా తీసి నడుముకు బిగించాడు. అదే అతని జవాబు.

ఏడు బావుల్లోనూ తవ్వకం మొదలైంది. తట్టల కొద్దీ పెంకులు వచ్చాయి, బూడిద వచ్చింది. మూడోరోజుకు విరిగిన రోలు వచ్చింది. అయిదోరోజుకు పొడిమన్నే వచ్చింది. కొండ మీది ఎద్దుల్ని తోలుకొస్తే, కాడి వేయించుకోవడానికి పెళ్ళికొడుకుల్లా బెట్టు చేశాయి. తవుడు పెట్టి బతిమాలాక మట్టి లాగాయి.

తవ్వేవాళ్ళ దాహానికి, ఎద్దుల దాహానికి రెట్టింపు తిరిగిన నీళ్ళబండి ఏడోరోజు పొద్దున బయల్దేరుతూ చివరి చుక్క తాగి, ఊరి మొదట్లోనే ఆగిపోయింది. మధ్యాహ్నానికి కాగులు అడుగంటాయి. పిల్లలు దాహమని ఏడవడం మొదలుపెట్టారు. కొందరు అవ్వ వైపు కోపంగా చూశారు. "పాతర ఇచ్చేసుంటే పోయేది" అని ఒకడు గొణిగాడు. అవ్వకు భయం వేసింది, మామూలు భయం కాదు. తాను అడిగిన ప్రశ్నకు పసిబిడ్డలు నాలుక ఎండి జవాబు చెప్పాల్సి వస్తుందేమోనని.

పొద్దు వాలుతుండగా ఆమె వీధి బావిలోంచి సుంకన్న గొంతు వినబడింది. "అవ్వా, కాళ్ళు చల్లగా ఉన్నాయే."

చేద దించారు. మొదట బురద, తరవాత బూడిదరంగు నీళ్ళు, ఆ తరవాత తేటనీళ్ళు. అవ్వ దోసిట పట్టి తాగింది. కొంచెం ఉప్పన. కళ్ళనీళ్ళు కలిశాయేమో, ఇంకొంచెం ఉప్పన. అంత రుచి తేనెచెలమలో లేదు.

మర్నాడు తెరచాప ఎత్తబోతూ సాగరగుప్తుడు వచ్చాడు. "సిద్దెకు రెండు గంపలు చాలు" అన్నాడు. ఎవరూ పలకలేదు. "ఒక గంప" అన్నాడు. పలకలేదు. "పోనీ, మొదటి సిద్దె ఊరికే" అన్నాడు.

"ఊరికే ఎందుకు?" అన్నాడు రాజు. వర్తకుడు సిద్దె తాడు సర్దుకుంటూ నిలబడ్డాడు.

అయినా రాజు ఇంటింటికీ గుప్పెడు చొప్పున పోగుచేసిన గంప జొన్నలిచ్చి ఒక సిద్దె తీసుకున్నాడు. కాన్పు కష్టమైన ఆడమనిషిని, పాము కరిచినవాణ్ణి వైద్యుడి దగ్గరికి చేర్చడానికి ఒక్క బండి ఉంచుకున్నాడు. అవ్వ మూడుసార్లు అడిగింది. మూడు జవాబులూ సరిపోయాయి.

ఆ ఏడు ఏరువాక నాడు పాతర బండ లేచింది. రాజు నడిచే వచ్చాడు.

కాబట్టి పిల్లలూ, ఏది లేనిదే గడవదనిపిస్తుందో, దాన్నే ముందు "ఎందుకు?" అని అడగాలి. ఎందుకంటే తన కాళ్ళను పరాయివాడి చేతిలో పెట్టినవాడు ఆ పరాయివాడు అడిగినంతా ఇచ్చుకుంటేనే అడుగు వేయగలడు.